చేతిపనియు చదువును

ధ్యానమునకు: నిర్గమకాండము 35:30-35, యాకోబు 1:22-25



మన గ్రామములలో ఒక బిడ్డ ఇంటరు ముగించగానే తల్లిదండ్రుల హృదయములో ఒక భారము పుట్టును. ఎట్లయినను ఇంజనీరింగు చదివింపవలెను. అందుకై కొందరు అప్పు చేయుదురు. కొందరు ఉన్న అర యెకరము అమ్ముదురు. బిడ్డ నాలుగు సంవత్సరములు చదివి పట్టా తెచ్చుకొనును. కాని ఒక మర బిగించుట ఎరుగకయే పట్టా పొందినవారును మన మధ్య లేకపోలేదు.

ఇంగ్లండు దేశములో 2015వ సంవత్సరము నుండి మరియొక మార్గము తెరువబడినది. దానిని డిగ్రీ అప్రెంటిసుషిప్పు అందురు. యువకుడు గాని యువతి గాని మొదట ఒక సంస్థలో పనికి చేరవలెను. జీతము ఇత్తురు. వారములో ఎక్కువ దినములు పనిచేసి, ఒక దినము విశ్వవిద్యాలయమునకు పోవుట వాడుక. కొన్నిచోట్ల కొన్ని వారములు ఏకముగా పోవుదురు. చదువునకగు రుసుము నేర్చుకొనువారు చెల్లింపనక్కరలేదు. 3 మొదలు 6 సంవత్సరములలో పూర్తి పట్టా చేతికి వచ్చును. మన దేశములోను 1961లో అప్రెంటిసుల చట్టము వచ్చెను. 1973లో దానిని సవరించి పట్టభద్రులైన ఇంజనీర్లకును వర్తింపజేసిరి. అయితే అది చదువు ముగిసిన పిమ్మట పని నేర్చుకొను ఏర్పాటు. అక్కడనో, పనియు చదువును ఒక్క కాడికి కట్టబడినవి.

ఆ మార్గము సులభమైనది కాదు. పగలంతయు యంత్రమునొద్ద నిలిచినవాడు రాత్రి గణితము ముందు కూర్చుండవలెను. కళాశాలలోని స్నేహితులు నెలల తరబడి సెలవులలో నున్నప్పుడు ఇతనికి పనివానికుండు సెలవులే యుండును. తరగతిలో తప్పు చేసినయెడల మార్కులు పోవును. పనిలో తప్పు చేసినయెడల లోహము పాడగును, తోటివాని చేయి గాయపడవచ్చును.

ఇక్కడ మనలను మనము అడుగుకొనవలసిన ప్రశ్న ఒకటి కలదు. చేతులకు మసి యంటిన చదువు తక్కువ చదువా?

మన సంఘపు పెద్ద ఒకరు ఇట్లనవచ్చును: "అయ్యా, మా తండ్రులు తరతరములుగా ఇతరుల పొలములలో వంగి పనిచేసిరి. తోలుపని చేసినందుకు ఊరి వెలుపల నుంచబడిరి. మా బిడ్డ చేతిలో కలముండవలెనని గదా మేము కష్టపడితిమి. మరల సుత్తి పట్టుమందురా?" ఈ మాటను మనము తేలికగా త్రోసివేయరాదు. అది గర్వము కాదు, గాయము. చదువునకు దూరము చేసి, కూలి ఎగవేసి, బలవంతముగా చేయించిన పనిని దేవుడు ఎన్నడును మెచ్చలేదు. ఐగుప్తులో ఇటుకలు చేసినవారి మూలుగును ఆయన వినెను. చెల్లింపని కూలి ఆయన చెవిని చేరునని యాకోబు కూడ హెచ్చరించెను.

అయితే తప్పు సుత్తిది కాదు. పనిని జ్ఞానమునుండి విడదీసి, పనిచేయువానిని హీనపరచినవారిది. దేవుడు వాటిని విడదీయలేదు. ఆయన బెసలేలునకిచ్చిన జ్ఞానము బంగారమును, రాతిని, కఱ్ఱను మలచిన చేతులలో కనబడెను. ఇతరులకు నేర్పు మనస్సును కూడ ఆయనయే ఇచ్చెను. గమలీయేలు పాదములయొద్ద చదివిన పౌలు కొరింథులో డేరాలు కుట్టెను. మన ప్రభువును నజరేతువారు వడ్లవానిగానే ఎరిగియుండిరి.

అట్లని యజమానుల బాధ్యతను మరువరాదు. నేర్చుకొనువాడని పేరు పెట్టి చవుకగా పని చేయించుకొని, నేర్పుట మానినయెడల అది పాత వెట్టికి క్రొత్త పేరే. అందుచేతనే ఇంగ్లండులో చదువునకై పనివేళలలోనే, జీతముతోనే, కొంత కాలము విడిచిపెట్టవలెనని నిబంధన యున్నది. మన బిడ్డలను ఎక్కడనైనను ఇట్టి పనికి చేర్చుటకు ముందు రెండు మాటలు అడుగుదము: ఇక్కడ ఏమి నేర్పుదురు? కడపట లభించు పట్టాకు గుర్తింపు కలదా?

ఒక చిన్న సంగతి గమనించుడి. 1 మీటరు పొడవుగల ఉక్కు కడ్డీ 10 డిగ్రీలు వేడెక్కినయెడల మిల్లీమీటరులో పదవవంతు కంటె కొంచెము ఎక్కువ పెరుగును. తరగతిలో ఇది ఒక లెక్క మాత్రమే. లేతు యంత్రముపై చెక్కిన భాగమును వేడిగా నున్నప్పుడే కొలిచినవాడు సరిపోయెననుకొనును. చల్లారిన పిమ్మట చూడగా తక్కువై యుండును. ఆ దినమున ఆ లెక్క అతనికి జ్ఞానమగును.

మనమును ఉజ్జీవ కూటములలో మన భక్తిని కొలుచుకొందుము. వేడిలో కొలత సరిగానే కనబడును. సోమవారము ఉదయమున, చల్లారిన పిమ్మట, పొలములోను సంతలోను ఇంటిలోను కొలిచి చూడవలెను. విని ఊరకుండువాడు అద్దములో ముఖము చూచుకొని మరచిపోవువానివంటివాడని యాకోబు చెప్పినది దీనినే గదా!

కాబట్టి తల్లిదండ్రులారా, బిడ్డ చేతికి మసి యంటెనని సిగ్గుపడకుడి. ఆ చేతితోపాటు మనస్సును పెరుగుచున్నదా అని చూడుడి. యౌవనులారా, చదివినది చేయుడి, చేయుచున్నది ఎందుకో చదువుడి.

ప్రార్థన: వడ్లవాని యింట పెరిగిన ప్రభువా, మా చేతులను మా మనస్సులను నీవే ఏకము చేయుము. మా బిడ్డలకు న్యాయమైన కూలిని, నిజమైన జ్ఞానమును దయచేయుము. ఆమేన్.