నమ్మదగిన పిస్తోలు, నమ్మదగిన మనిషి



ఒక వస్తువును "నమ్మదగినది" అని ఎప్పుడంటాం? అవసరానికి మొరాయించకుండా పనిచేసినప్పుడు. పంపుసెట్టుకైనా, గడియారానికైనా ఇదే కొలత. మరి పిస్తోలుకు?

పాతకాలపు పేరున్న పిస్తోలును ఎంచుకునేవారు మొదట దాని అందం చూడరు. ట్రిగ్గరు నొక్కిన ప్రతిసారీ తూటా పేలుతుందా, ఖాళీ తొడుగు బయటపడి తరువాతి తూటా అడ్డం తిరగకుండా లోనికి ఎక్కుతుందా అని చూస్తారు. మేగజీను అంచు వంగినా, స్ప్రింగు నీరసించినా, మురికి పేరుకున్నా అది మధ్యలో ఆగిపోవచ్చు.

ఈ పరీక్షలో పేరు తెచ్చుకున్నవాటిలో బ్రౌనింగ్ హై పవర్ ఒకటి. జాన్ బ్రౌనింగ్ మొదలుపెట్టిన పనిని, 1926లో ఆయన మరణించాక బెల్జియంలో ద్యుదొనే సైవ్ పూర్తిచేశారు. 1935లో వెలువడిన ఈ పిస్తోలు మేగజీనులో 13 తూటాలు పడతాయి. రెండవ ప్రపంచ యుద్ధంలో జర్మన్లు బెల్జియం కర్మాగారాన్ని ఆక్రమించి దీనిని తమకోసం చేయించుకున్నారు. అదే పిస్తోలును కెనడా మిత్రరాజ్యాల కోసం తయారుచేసింది. అది ఇరుపక్షాలకూ పనిచేసింది. న్యాయం ఎవరిదని అడగలేదు.

1981 మే 13, ఫాతిమా మాత పండుగనాడు, పునీత పేతురు ప్రాంగణంలో రెండవ జాన్ పాల్ పోపు గారిపై మెహ్మెత్ అలీ అగ్జా కాల్పులు జరిపినది కూడా ఈ రకం పిస్తోలుతోనే.

"తప్పు పిస్తోలుది కాదు, చేతిది" అని మీరనవచ్చు. నిజమే. ఎప్పుడూ కాదనకపోవడమే పనిముట్టు నమ్మకం. అందుకే భారమంతా చేతిమీద పడుతుంది. ప్రాణరక్షణకు బలం వాడవచ్చుగాని అవసరానికి మించి వాడరాదని పునీత తోమాసు అక్వినాసు గారు బోధించారు. ఆ అవసరమెంతో తూచవలసింది మనిషి మనస్సాక్షే.

అయితే మనం మనుషులను కూడా పనిముట్టు కొలతతోనే కొలుస్తున్నాం కదా! "మావాడు చెప్పింది చేస్తాడు, ఎదురు చెప్పడు" అని మురిసిపోతాం. దొంగ లెక్కమీద సంతకం పెట్టమన్నా పెట్టే గుమస్తాను యజమాని "నమ్మకస్తుడు" అంటాడు. అది పిస్తోలుకున్న నమ్మకమే. మనిషి నమ్మకం వేరు. మంచికి "అవును" అన్నంత గట్టిగా చెడుకు "కాదు" అనగలవాడే నమ్మదగినవాడు. విధేయత మంచిదే, కాని మనస్సాక్షిని ఇంటివద్ద వదిలివచ్చే విధేయత ఎవరి చేతికైనా ఆయుధమవుతుంది.

1983 డిసెంబరు 27న పోపు గారు రోము చెరసాలకు వెళ్లి అగ్జా పక్కన కూర్చున్నారు. తనను కాల్చిన చేతిని తన చేతిలోకి తీసుకున్నారు. ఆ చేయి మారగలదని నమ్మారు గనుకనే వెళ్లారు. పిస్తోలు పశ్చాత్తాపపడలేదు, మనిషి పడగలడు.

తల్లిదండ్రులారా, మీ బిడ్డకు మాట వినడం నేర్పుతున్నారు, సంతోషం. ఏ మాట వినకూడదో కూడా నేర్పుతున్నారా?