క్రీడాంగణమున బాలవాక్కు

దేహము ధర్మమునకు తొలి సాధనమను కాళిదాసు మాటను వ్యాయామమును గూర్చిన ఉపన్యాసములందు విననివారుండరు. కాని కుమారసంభవమున ఆ మాట ఏ సందర్భమున పుట్టినదో స్మరించువారు అరుదు. పంచమసర్గమున, ఘోరతపస్సునందున్న పార్వతికడకు బ్రహ్మచారి వేషమున వచ్చిన శివుడు ఆమె కుశలమడుగుచు, తన శక్తికి తగినట్లే తపస్సు సాగించుచున్నదా యని ముందు ప్రశ్నించి, ఆ ప్రశ్నకు హేతువుగా మాత్రమే దేహమును ధర్మసాధనమని పేర్కొనెను. ఉత్తరభాగము లోకోక్తియైనది, పూర్వభాగమందలి ప్రశ్న మరుగున పడినది. దేహమును ధర్మసాధనముగా భావించువాడు, ఆ దేహము ఎవరిదో వారినే దాని శక్తిని గూర్చి అడుగవలెనను నియమము ఆ ప్రశ్నయందే యిమిడియున్నది. పాఠశాలలలో వ్యాయామవిద్య అందరిదియు కావలెనను నేటి ఆకాంక్షకు మూలమున నున్న తాత్త్వికసమస్యయు ఇదియే: ఒక బాలుని దేహమును గూర్చి, ఒక బాలిక దేహమును గూర్చి మాటాడుటకు అధికారి ఎవరు? బోధించు గురువా, ఆ దేహమున నివసించు శిష్యుడా?

మన ఉన్నత పాఠశాలలలో ఆటల గంట మ్రోగిన పిమ్మట జరుగుదానిని పరికింపుడు. ఇద్దరు నాయకులు ఎదురెదురుగా నిలిచి, బలవంతులను మొదటను, బలహీనులను పిదపను, ఒక్కొక్కరినే కోరుకొందురు. ఎవరును కోరక మిగిలిన బాలుడు లెక్క సరిపోవుటకై ఏదో యొక జట్టున చేరును. కాలీడ్చుచు నడచువానికి పుస్తకాల సంచుల కాపలాయు, ఉబ్బసము గలవానికి చెట్టునీడయు ప్రాప్తించును. మైదానమంతయు మగపిల్లల క్రికెట్టునకు చెల్లిపోగా, ఆడపిల్లలకు వరండా ప్రక్కనున్న ఇరుకు చోటు మిగులును. నెలసరి దినములలో పరుగెత్తలేక కూర్చున్న బాలిక, కారణము పైకి చెప్పలేక, సోమరియని పేరు పొందును. దయగల తోటిపిల్లలు ఒకానొకని ఆటలో అరటిపండుగా చేర్చుకొందురు. వాడు అవుటైనను అవుట్ కాడు, పట్టుబడినను దొంగ కాడు. ఆటలో నిలిచియుండియు వాడు ఆటకు వెలుపలివాడే. ఆ దయయు మెత్తని బహిష్కారమే. ఇందుకు వ్యాయామోపాధ్యాయుని నిందించుట న్యాయము కాదు. బడి కంతటికి ఒక్క డ్రిల్లు మాస్టారు, చాలీచాలని బంతులు, పదవ తరగతికి వచ్చుసరికి గణితమునకు బలియగు ఆటల గంట, పోటీలలో గెలిచిన జట్టును బట్టి నిర్ణయింపబడు పాఠశాల ప్రతిష్ఠ, ఇవి యన్నియు ఆయన దృష్టిని బలవంతుల వైపునకే మరల్చును.

ఈ సమస్యకు మన తర్కశాస్త్రమున ఒక స్పష్టమైన సమాధానము కలదని నేను నమ్ముచున్నాను. అన్నంభట్టు ఆంధ్రుడని ప్రసిద్ధి. ఆయన రచించిన తర్కసంగ్రహము నేటికిని తర్కాధ్యయనమునకు తొలిమెట్టు. అందు సుఖదుఃఖములు ఆత్మగుణములుగను, వానిని తెలిసికొను ఇంద్రియము మనస్సుగను చెప్పబడినవి. దీనినుండి తేలు ఫలితము గంభీరమైనది. నా దుఃఖము నాకు ప్రత్యక్షము. పరుని దుఃఖము నాకు ఎన్నటికిని ప్రత్యక్షము కానేరదు, వాని ముఖవర్ణమును, చేష్టను, వాక్కును బట్టి దానిని నేను అనుమానింపవలసినదే. పరుగెత్తు బాలుని రొమ్మున ఊపిరి ఎప్పుడు బిగిసినదో, అందరి యెదుట దుస్తులు మార్చుకొనవలసివచ్చిన బాలిక ఎంత ముడుచుకొనిపోయినదో గురువునకు అనుమానవిషయము, శిష్యునకు అనుభవము. ఇక పరుని అనుభవమును గూర్చి ప్రమాణమగు వాక్కు ఆప్తునిది; ఆప్తుడనగా యథార్థమును పలుకువాడని మాత్రమే అన్నంభట్టు చెప్పెను. వయస్సునుగాని పదవినిగాని ఆ లక్షణమున చేర్చలేదు. కావున తన దేహానుభవమును ఉన్నదున్నట్లు చెప్పు పన్నెండేండ్ల బాలిక ఆ విషయమున ఆప్తురాలు. ఆమె మాటను వినుట దాక్షిణ్యము కాదు, సత్యమును తెలిసికొను మార్గము.

ఇందు మరియొక సూక్ష్మము గలదు. విద్యార్థుల అభిప్రాయమును గ్రహించుట యనగా తరగతిలో చేతులెత్తించి లెక్కించుట యని కొందరు తలతురు. అట్లు లెక్కించినచో బలవంతుల కోరికయే మరల గెలుచును, సంచుల కాపలాదారు మరల ఓడును. నొప్పి ఓట్లచే నిర్ణయింపబడునది కాదు. తరగతి యంతయు ఆనందించినను ఒక్కని బాధ అసత్యము కాజాలదు. ఈ విషయమున ఒక్క సాక్షి చాలును.

దీనికి ఒక బలమైన ఆక్షేపణ యున్నది. పిల్లలు ప్రేయస్సును కోరుదురు, గురువు శ్రేయస్సును ఎరుగును. శ్రమయు నియమమును లేని వ్యాయామము వ్యాయామమే కాదు. బాలుని అడిగినచో నీడనే కోరును గదా యని పెద్దలు పలుకుదురు. శ్రేయఃప్రేయోవివేకము కఠోపనిషత్తునందలిది; అచ్చట యముడు దానిని ఉపదేశించినది నచికేతుడను బాలునకే. ముమ్మారు తండ్రిని ప్రశ్నించి కోపమునకు పాత్రుడైన ఆ బాలుడు, యముడిచ్చెదనన్న భోగములనెల్ల కాదని, కఠినమైనదానినే కోరెను. అడిగినచో పిల్లలు సుళువైనదే కోరుదురనుట వారిని తక్కువగా ఎంచుటయే. ఏడ్చుచు పరుగెత్తుట, మూల కూర్చుండుట యను రెండింటిని మాత్రమే ఎరిగినవాడు మూలను కోరుటలో వింత యేమి? ఇంకను, వినుట వేరు, విధేయుడగుట వేరు. హితమును నిర్ణయించు భారము గురువునదే. సాక్ష్యమును వినక తీర్పు చెప్పుట మాత్రము ఏ ధర్మాసనమునకును తగదు.

ఆరణ్యపర్వమందలి అష్టావక్రోపాఖ్యానము ఈ సందర్భమున స్మరణీయము. గర్భస్థుడైన శిశువు తండ్రియగు కహోడుని అధ్యయనమున దోషమును చూపెను. శిష్యుల నడుమ అవమానము సహింపలేని తండ్రి శపింపగా, ఆ శిశువు ఎనిమిది వంకరలతో పుట్టెను. పిదప ఆ బాలుడే జనకుని సభకు పోగా, పసివాడవని ద్వారపాలకుడు అడ్డగించెను. తల నెరసినంతనే పెద్దరికము రాదని వాదించి లోనికేగి, ఆస్థానపండితుడైన వందిని ఓడించి, అతనితోడి వాదమున ఓడి జలమున మునిగిన తండ్రిని విడిపించెను. గురుస్థానమున నున్నవాని అసహనము బాలుని దేహమును వంచినది. ఆ బాలుని వాక్కే గురువును కాపాడినది. పాఠశాలకు ఇంతకు మించిన ఉపదేశము ఏమి కావలెను?

ఆట నియమములు మనుష్యులు కల్పించుకొన్నవి, మనుష్యులే మార్చుకొనదగినవి. అంధుల క్రికెట్టును చూడుడు. బంతిలోని గుండ్లు చప్పుడు చేయుచుండ, బౌలరు దానిని నేలబారుగా విసరును; విసరుటకు ముందు, సిద్ధమేనా యని బ్యాటరును అడిగి, ఔనను బదులు విన్న పిదపనే బంతిని విడువవలెను. ప్రశ్నయు ప్రత్యుత్తరమును అచ్చట మర్యాద కాదు, ఆట నియమమే. 1998లో ఢిల్లీ నగరమున ఈ క్రీడకు తొలి ప్రపంచ కప్పు జరిగినది. భారత జట్టునకు నాయకత్వము వహించిన అజయ్ కుమార్ రెడ్డి తెలుగువాడు, అర్జున పురస్కారగ్రహీత. బాల్యమున హేళనకు గురియైన వరంగల్లు జిల్లా కల్లెడ గ్రామపు దీప్తి జీవన్‌జీ, 2024 పారిస్ పారాలింపిక్సులో 400 మీటర్ల పరుగున కాంస్యపతకము గెలిచెను. అయితే పతకము తెచ్చినవారికే మైదానమున చోటనుట మరల ఆ పాత దోషమే యగును. ఏ పతకమును తేని బిడ్డకును ఆడుకొను ఆనందము జన్మహక్కు.

శాసనములును ఈ ధర్మమునే చెప్పుచున్నవి. 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణమున తమకు సంబంధించిన విషయములలో అభిప్రాయము చెప్పు హక్కును, 31వ అధికరణమున ఆడుకొను హక్కును గుర్తించెను. 1992లో భారతదేశము దానిని అంగీకరించెను. విద్యాహక్కు చట్టము పాఠశాల యాజమాన్య సంఘమున నూటికి 75 వంతులు తల్లిదండ్రులకు కేటాయింపగా, మిగిలిన భాగమున ఆ బడి పిల్లలకును చోటీయవచ్చునని 2010 నాటి కేంద్ర నియమావళి సూచించెను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము క్రీడలలో సమానావకాశమును విధించెను. శాసనము తలుపు తీయగలదు. లోనికి పిలువవలసినవాడు గురువు.

కావున వ్యాయామోపాధ్యాయులకు నా విన్నపమిది. సంవత్సరారంభమున ప్రతి విద్యార్థిచేతను, పేరు వ్రాయనక్కరలేని కాగితముపై, ఏ ఆట తనకు సంతోషమిచ్చునో, ఏది బాధించునో, ఏ నియమము మార్చినచో తానును ఆడగలడో వ్రాయింపుడు. నోరు విప్పలేని బాలికలను ఉపాధ్యాయినిచేత ఏకాంతమున అడిగింపుడు. జట్లను నాయకుల ఎంపికకు విడువక మీరే కూర్పుడు. నెలకొక దినము ఆట నియమములను కూర్చు పనిని పిల్లలకే యప్పగించి, అందరును ఆడదగిన ఆటను కల్పింపుడని కోరుడు. వారు కోరినదానిని ఈయలేనప్పుడు కారణమును వారికి చెప్పుడు, ఏలయన బదులు లేని ప్రశ్న రెండవమారు నమ్మకమును పొందజాలదు. వీనిలో దేనికిని ధనము అక్కరలేదు, క్రొత్త మైదానమును అక్కరలేదు. శిష్యుని అడుగుట గురువు గౌరవమునకు లోపము కాదు; ధర్మసాధనమైన దేహమును శిక్షించుటకు కాక శిక్షణ నిచ్చుటకు పూనుకొన్న ప్రతి గురువునకు అది ప్రథమకర్తవ్యము.