గురువు వ్రాసిన రెండు మాటలు



ప్రగతి పత్రముపై ‘శ్రద్ధ చాలదు’ అని కనబడగానే కొందరు తండ్రులు బిడ్డను దండింతురు. కొందరు గురువునే నిందింతురు. ఆ మాటను ప్రశ్నగా గ్రహింపవలెను. కల్యాణమున అల్లమప్రభువు అక్కమహాదేవిని నిశితముగా ప్రశ్నించెనని శూన్యసంపాదన తెలుపుచున్నది. ఆ తల్లి వానిని అవమానముగా నెంచక ఒక్కొక్కదానికి సమాధానము చెప్పినది.

నలుబది పత్రములు వ్రాయు ఉపాధ్యాయునికి రెండు మాటలకు మించి చోటుండదు. దానికి టీక ఇంటివారే వ్రాసికొనవలెను. అందులకు ఆధారము బిడ్డ నోటుపుస్తకము. ఎఱ్ఱసిరా ఎక్కడ పడినదో చూడుడు. ఒకే ఒత్తు ప్రతి పుటయందును తప్పినచో ఆ పాఠము బిడ్డకు పట్టువడలేదన్నమాట. మొదటి లెక్కలు సరియై కడపటివి తప్పినచో అలసటయో, తొందరయో కావచ్చును. నల్లబల్లను చూచి వ్రాసినవే తప్పులైనచో ముందుగా కన్నులు పరీక్ష చేయింపవలెను. చూపు ఆనని బిడ్డను అశ్రద్ధయని కొట్టుట ఎంత అన్యాయము!

‘బాగు’ అన్న మాటనైనను ఇట్లే విచారింపవలెను. దస్తూరి బాగా, భావము బాగా?

పిదప బడికి పొండు. ‘మార్కులేల తగ్గినవి?’ అని గాక, ‘ఏ పాఠమున, ఏ పుటలో?’ అని అడుగుడు. ఉపాధ్యాయుడు తల్లిదండ్రులతో క్రమముగా సమావేశమై, బిడ్డ హాజరును, నేర్చుకొను శక్తిని, ప్రగతిని తెలుపవలెనని 2009 విద్యాహక్కు చట్టము 24వ సెక్షను విధించినది. కావున సంకోచము వలదు. నోటుపుస్తకము మాత్రము మరువకుడు. బిడ్డనుకూడ వెంటబెట్టుకొని పొండు.