పొలంబడిలో పౌరధర్మం

పెదనందిపాడు దగ్గర నల్లరేగడి చేను. ఒకప్పటి సాంఘిక శాస్త్రం మాస్టారు, ఇప్పుడు పత్తి, మిరప కౌలుకు చేస్తున్న శిష్యురాలు గట్టు మీద మాట్లాడుకుంటున్నారు.

శిష్యురాలు: మాస్టారూ, పర్యావరణాన్ని కాపాడటం ప్రతి పౌరుడి విధి అని చదువుకున్నాం. 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలో చేరిన 51-ఎ(జి). చేలోకి వచ్చాక మాత్రం మందుల కొట్టులో చెప్పిందే కొట్టాం.

మాస్టారు: విధి తెలిసి కూడానా, అమ్మా?

శిష్యురాలు: అప్పూ మందూ ఒకే కొట్టులో తెచ్చుకునేవాళ్లకు నిర్ణయం ఎక్కడుందండీ? నిర్ణయం లేనివాడికి విధి చెబితే అది ఆజ్ఞే అవుతుంది.

మాస్టారు: మరి రైతులు చేలోనే నేర్చుకునే ఈ పొలంబడిలో చేరాక ఏం మారింది?

శిష్యురాలు: జట్లుగా చేలోకి దిగి ఆకు తిప్పి పురుగులు లెక్కపెడతాం. చార్టు మీద మొక్క గీసి, ఒక పక్క శత్రు పురుగులు, ఇంకో పక్క అక్షింతల పురుగు, సాలీడు లాంటి మిత్రులు రాస్తాం. మందు కావాలా వద్దా అని వాదించుకుని తేలుస్తాం. తేల్చింది తప్పయితే పై వారం చేనే చెబుతుంది.

మాస్టారు: 1989లో ఇండోనేషియా వరి పొలాల్లో మొదలైన పద్ధతి. కానీ తెల్లదోమ ఎంతుందో చేతులెత్తి తేలుస్తారా? నిజం ఓటుకు లొంగదే!

శిష్యురాలు: లొంగదు. అందుకే ముందు లెక్క, తర్వాత వాదన. దోమ ఉందో లేదో కళ్లు తేల్చాలి. ఉంటే ఏం చేయాలి, ఆ మందు గాలి ఎవరు పీల్చాలి అన్నది మనుషులు కలిసి తేల్చాలి. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఎవరికి వారు మందు మీద మందు కొట్టారు. మిత్ర పురుగులు చచ్చాయి, తెల్లదోమ పత్తిని ఊడ్చేసింది. అప్పులపాలై ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు.

మాస్టారు: కలిస్తే ఏమవుతుందో ఈ ఊరే చూపింది. 1922లో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వాన ఇక్కడి రైతులు శిస్తు కట్టం అన్నారు. ఒక్కడే మానేస్తే వాడి భూమి పోతుంది. ఫిర్కాలోని ఊళ్లన్నీ మానేసేసరికి వసూళ్లే పడిపోయాయి.

శిష్యురాలు: అప్పుడు ఎదుట దొర ఉన్నాడు. 2023 డిసెంబర్ 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. నీట మునిగిన చేలకు ఎవరిని నిలదీయాలి? భూమిని వేడెక్కించిన పొగలో మన వాటా ఎంతని?

మాస్టారు: పెద్ద వాటా ఉన్నవాళ్లను అడగాలి, మన వాటా తగ్గించుకోవాలి. పైరు తీసుకోగా మిగిలిన యూరియాలో కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా గాలిలో కలుస్తుంది. బొగ్గుపులుసు వాయువు కంటే అది సుమారు 270 రెట్లు వేడెక్కిస్తుంది. ఊళ్లో ఎంత యూరియా పడుతోందో బడిపిల్లలు లెక్కగట్టి గ్రామసభలో చదవాలి.

శిష్యురాలు: ఆ సభలో కౌలుదారు మాట, మిరపకోతల అక్కల మాట ఎవరు వింటారండీ?

మాస్టారు: వినేదాకా చదువు పూర్తికానట్టే. 2016లో రాష్ట్రంలో మొదలైన ప్రకృతి సాగు పొదుపు సంఘాల ఆడవాళ్ల మీదే నిలబడింది. అక్కడ సాటి రైతే పాఠం చెబుతాడు. 2024లో దానికి అంతర్జాతీయ గుల్బెంకియన్ బహుమతి వచ్చింది.

శిష్యురాలు: ఇంకా పుట్టని పిల్లల మాటో?

మాస్టారు: వాళ్లకు ఓటు లేదు. కాబట్టి మనం చేసే ఏ తీర్మానాన్నైనా వాళ్లు మార్చుకోగలగాలి. పన్ను పెంచితే రేపు తగ్గించవచ్చు. నేల చచ్చిపోయాక ఏ సభ దాన్ని బతికిస్తుంది? రేపటివాళ్లకు తేల్చుకునే వీలు మిగల్చని నిర్ణయం, ఊరంతా చేతులెత్తినా, ప్రజాస్వామ్యం అనిపించుకోదమ్మా.