గాయమునకు పుణ్యమున్నదా?

ఫాల్గుణ పౌర్ణమినాడు తుంబురు తీర్థ ముక్కోటికై పాపవినాశనము మీదుగా శేషాచలారణ్యములోనికి నడచిన యాత్రికులు తిరిగివచ్చునపుడు వారి మోకాళ్లను, మోచేతులను పరికించి చూడవలెను: నాచుపట్టిన బండపై కాలుజారి దోక్కుపోయిన చర్మము, ముళ్లకంప గీచిన ఎర్రని చారలు, వానిలో ఇరుకుకొన్న సన్నని ఇసుక. “స్వామి తన వంతు తీసుకున్నాడులే” అని కొందరు వానిని కడుగనైన కడుగక ఇండ్లకు పోవుదురు. ఈ నెత్తుటి చుక్కలకు యాత్రాఫలములో భాగము కలదా?

కలదని నేను నమ్మజాలను. 2000లో అమెరికాలోని ఒరెగాన్‌లో పుట్టిన జియోకాషింగ్ అను క్రీడలో, ఉపగ్రహములు తెలుపు జాడనుబట్టి పొదలలో దాచిన డబ్బాను వెదకువానికిని ఇట్టి గీతలే పడును. బాధయే పుణ్యమైనచో అతనికిని అంతే దక్కవలెను గదా!

తాళ్లపాక అన్నమయ్య బాల్యమున చెప్పులతో తిరుమల కొండ యెక్కుచు మోకాళ్లపర్వతముకడ సొమ్మసిల్లగా, అలమేలుమంగ ప్రత్యక్షమై చెప్పులను విడువుమన్నదనియు, ప్రసాదము పెట్టి ఆకలి తీర్చినదనియు ఆయన మనుమడు చిన్నన్న రచించిన చరిత్రమువలన తెలియుచున్నది. ఆమె కోరినది సాలగ్రామమయమైన ఆ గిరిపట్ల వినయమే గాని పాదముల నెత్తురు కాదు.

అంతకంటె నన్ను కదలించునది అనంతాళ్వారుల గాథ. రామానుజుల ఆనతిచే తిరుమలపై పూదోట పెంచుచు, చెరువు త్రవ్వుచున్న ఆయన, ఆ కైంకర్యము తమకే చెందవలెనను పట్టుదలతో, గర్భవతియైన భార్యకు మట్టి మోయుటలో తోడ్పడిన బాలునిపై గునపము విసరగా, అది గడ్డమునకు తగిలెననియు, పిమ్మట సన్నిధిలో స్వామి చుబుకమున రక్తము స్రవించుట చూచి, పశ్చాత్తాపముతో పచ్చకర్పూరమద్దెననియు చెప్పుదురు. గునపము నేటికిని మహాద్వారముకడ కలదు. మూలమూర్తి చుబుకమున పచ్చకర్పూరము నేటికిని పెట్టుచునే యున్నారు. ఆ ఆచారము గాయమును కీర్తించుట లేదు, దానికి ఉపచారము చేయుచున్నది; ఇన్ని శతాబ్దములుగా మానక చేయుచున్నది.

శ్రీకాళహస్తిలో తిన్నడు తన కన్నునే పెరికి ఇచ్చెను గదా యని అడుగవచ్చును. ఇచ్చెను, కాని తన బాధను నైవేద్యము పెట్టుటకు కాదు, ఎదుట శివుని కంట నెత్తురు కారుట చూచి, మూలికలు పనిచేయకపోగా, వైద్యముగా ఇచ్చెను.

కావున దోక్కుపోయిన చోటిని శుభ్రజలము ధారగా పోసి సబ్బుతో కడిగి, ఇసుక రేణువులను తొలగించి, ధనుర్వాతపు టీకా ఎప్పుడు వేయించుకొన్నామో విచారించుకొనుట భక్తికి లోపము కాదు. అడవిలో నలిపి పిండిన ఆకుపసరుగాని, ఇంట పెద్దలు అద్దు పసుపుగాని, ఆ కడుగుటకు బదులు కాజాలవు.