బ్రోకర్‌ని మార్చేయడం తప్పా? శల్యుడి కథలో నాకు ఎదురైన ప్రశ్న



పోయిన నెల ఒక గురువారం సాయంత్రం పంజాగుట్ట ద్వారకాపురి కాలనీ సాయిబాబా గుడిలో దర్శనం లైన్‌లో నిలబడి ఉన్నా. ఫోన్ మోగింది. బ్రోకర్ అంకుల్. సైలెంట్‌లో పెట్టి జేబులో వేసుకున్నా. గుళ్ళో ఫోన్ ఎత్తకూడదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నా. కానీ ముందు రోజు ఆఫీసులో ఉన్నప్పుడు కూడా ఎత్తలేదు. అప్పుడు ఏ గుళ్ళో ఉన్నానని?

అసలు సంగతేంటంటే, ఇంకో బ్రోకర్‌తో ఇళ్ళు చూడటం మొదలుపెట్టి అప్పటికి పది రోజులైంది. అంకుల్‌కి చెప్పలేదు.

కాస్త వెనక్కి వెళ్తాను. ఇంజనీరింగ్ అయిపోగానే అందరిలాగే కోర్సు కోసం అమీర్‌పేట వచ్చా. మైత్రీవనం వెనక హాస్టల్, గదికి నలుగురం. ఉద్యోగం రాయదుర్గం వైపు వచ్చినా ఈ ఏరియా వదల్లేదు, మెట్రో ఎక్కితే ఒకటే రైలు. 2021లో హాస్టల్ ఖాళీ చేసి అద్దె ఇంటికి వెళ్ళినప్పుడు ఇల్లు చూపించింది ఈ అంకులే. ఒక జిరాక్స్ షాపు పక్కన కుర్చీ, ఒక పాత స్కూటర్, రెండు ఫోన్లు, అదే ఆయన ఆఫీసు. కమీషన్ ఒక నెల అద్దె అనుకున్నాం. సగమే తీసుకుని, "కరోనా టైమ్ కదా బాబూ, మిగతాది జీతం పెరిగాక చూద్దాంలే" అన్నారు. తర్వాత ఆయన అడగలేదు. జీతం పెరిగింది. నేనూ ఇవ్వలేదు.

ఇప్పుడు నాన్నకి కిడ్నీ ఇబ్బంది. ఖమ్మం నుంచి నెలకి రెండుసార్లు నిమ్స్‌కి రావాలి. తెల్లవారుజామున బస్సెక్కి, ఓపీలో కూర్చుని, రాత్రికి తిరిగి వెళ్ళడం ఆయన వల్ల కావట్లేదు. అందుకే ఆసుపత్రికి దగ్గరలో ఒక డబుల్ బెడ్‌రూమ్, లిఫ్ట్ ఉన్నది, పాతదైనా పర్లేదు, కొనేద్దాం అనుకున్నాం. లోన్‌తో కలిపి నా తాహతు 70 లక్షలు. రిజిస్ట్రేషన్ ఖర్చు వేరే, స్టాంప్ డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు అన్నీ కలిపి ఏడున్నర శాతం, అంటే 5 లక్షల పైనే.

నాలుగు నెలల్లో అంకుల్ నాకు 19 ఫ్లాట్లు చూపించారు. ఎల్లారెడ్డిగూడ, లీలానగర్, ధరమ్ కరం రోడ్డు, శ్రీనగర్ కాలనీ, ద్వారకాపురి. ఒకసారి వానలో తడిసి వచ్చారు. ఒకసారి నాన్న మెట్లెక్కలేక ఆగిపోతే వాచ్‌మన్ గదిలోంచి కుర్చీ తెచ్చి వేసి, తను మెట్ల మీద కూర్చున్నారు. వీటన్నిటికీ ఆయనకి రూపాయి రాలేదు. కొంటేనే కమీషన్, కొనకపోతే పెట్రోలు ఆయనదే.

మరి ఎందుకు మార్చానంటే, విసుగు. ఆయన చూపించేవి వయసైన బిల్డింగులు, పార్కింగ్ ఉండదు, ప్రతిదానికీ "ఇది వదిలితే దొరకదు" అనేవారు. పంజాగుట్టలో ఏసీ ఆఫీసున్న కుర్రాడు ఒకతను పరిచయమయ్యాడు. ఫొటోలు, ప్లాన్ అన్నీ వాట్సాప్‌లో పెట్టేస్తాడు. కమీషన్ అర శాతమే అన్నాడు. అంకుల్‌ది ఒక శాతం. ఇతను పంపిన మూడో ఫ్లాట్ ఫొటోల్లో వంటింట్లో నీలం టైల్స్ చూసి గుర్తుపట్టా. ద్వారకాపురి కాలనీలోది. అంకుల్ రెండో నెలలోనే చూపించారు. అమ్మకి బాగా నచ్చింది. అప్పుడు 74 అన్నారు, అందుకే వదిలేశాం. కుర్రాడు 69 అంటున్నాడు.

ఓనర్ తగ్గించారేమో అనుకుని వెళ్ళా. మాటల్లో ఆయనే అన్నారు, "మొదటి నుంచీ నాకు 68 నెట్ వస్తే చాలని చెప్తున్నానండి, ఎవరు తీసుకొచ్చినా అంతే." నెట్ రేటు అంటే తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా: ఓనర్ తనకి ఇంత చేతికి రావాలంటాడు, ఆ పైన ఎంతకి అమ్మితే అది బ్రోకర్‌ది. అంటే అంకుల్ నా దగ్గర ఒక శాతం కాకుండా ఇంకో 6 లక్షలు తీసుకునేవారు. కుర్రాడు ఒక లక్ష. కుర్రాడు కిందకి వచ్చాక మెల్లగా అన్నాడు, "అన్నా, ఈ ఫ్లాట్ ముందే చూశానని ఓనర్‌కి మాత్రం చెప్పకండి."

కోపం వచ్చింది. నాన్న కోసం కుర్చీ తెచ్చిన మనిషేనా అనిపించింది. ఇంకేం ఆలోచన, కుర్రాడితో కొనేసి అంకుల్ నంబర్ బ్లాక్ చేస్తే సరిపోతుంది అనుకున్నా.

ఆ వారమే మన ఛానల్‌లో వచ్చే శల్యుడి వీడియోకి సబ్‌టైటిల్స్ చేస్తున్నా. (వీకెండ్స్‌లో నేను చేసే సేవ అదే.) కథ మీకు తెలిసిందే. ఉద్యోగపర్వంలో మద్రరాజు శల్యుడు, నకుల సహదేవుల మేనమామ, పాండవులకి సాయం చేద్దామని సైన్యంతో బయలుదేరతాడు. దారి పొడవునా విడిది, భోజనాలు, సకల మర్యాదలు. ఇదంతా ధర్మరాజు ఏర్పాటే అనుకుని మురిసిపోయి, ఇది చేసినవాడికి వరం ఇస్తానంటాడు. ఎదురుగా వచ్చి నిలబడింది దుర్యోధనుడు. మాట ఇచ్చాడు కాబట్టి కౌరవుల వైపు వెళ్ళాడు. తర్వాత ధర్మరాజు దగ్గరికి వచ్చి జరిగింది చెబితే, ఆయన ఒకటి అడుగుతాడు: రేపు నువ్వు కర్ణుడికి సారథివి అవుతావు, అప్పుడు అతని ధైర్యం తగ్గించు, అర్జునుణ్ణి కాపాడు. ఇది చెయ్యదగని పని అని తెలిసే అడుగుతాడు. శల్యుడు ఒప్పుకుంటాడు. కర్ణపర్వంలో పగ్గాలు పట్టుకుని కూర్చుని, హంస-కాకి కథ చెప్పి మరీ కర్ణుణ్ణి చులకన చేస్తాడు.

మొదటిసారి చూసినప్పుడు, అరే, మా అంకుల్ అచ్చం శల్యుడే కదా అనుకున్నా. నా రథం మీద కూర్చుని ఇంకొకరి పని చేస్తున్నాడు. భలే పోలిక దొరికిందని సంబరపడ్డా కూడా.

రెండోసారి టైమింగ్ సరిచేస్తూ చూస్తే ఇంకోటి కనపడింది. శల్యుడు సారథ్యానికి ఒప్పుకునేటప్పుడు ఒక షరతు పెట్టాడు, కర్ణుడి ముందు నాకు తోచింది మాట్లాడతాను అని. అది అందరి ముందూ అన్నాడు. ఎందుకు మాట్లాడతాడో మాత్రం చెప్పలేదు. రెండు వైపులా ఉండటం వేరు, రెండు వైపులా ఉన్నానని చెప్పకపోవడం వేరు. అంకుల్ అటూ ఇటూ డబ్బు తీసుకుంటారని నాకు తెలియదా? అమీర్‌పేటలో ఎవరిని అడిగినా చెప్తారు. దాచింది ఆ 6 లక్షలు. సరే. మరి నేను? పది రోజులుగా ఇద్దరు బ్రోకర్లతో తిరుగుతూ, ఒకరికి ఇంకొకరి సంగతి చెప్పకుండా, ఫోన్ ఎత్తకుండా. ఈ కథలో శల్యుడు ఒక్కడే ఉన్నాడని నేనెలా అనుకున్నాను?

చట్టంలో ఏముందో చూద్దామని రాత్రి కూర్చున్నా (ఇంజనీర్ బుద్ధి, డాక్యుమెంటేషన్ చదవందే నిద్ర పట్టదు). 2016 రెరా చట్టంలో సెక్షన్ 9 ప్రకారం ఏజెంట్లు రిజిస్టర్ చేసుకోవాలి, కానీ అది రెరాలో నమోదైన ప్రాజెక్టుల అమ్మకాలకి. మాది ఎప్పుడో కట్టిన బిల్డింగ్‌లో రీసేల్. ఇక మిగిలింది 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం. ఏజెంట్ మనకి తెలియకుండా ఆ పనిలో సొంత వ్యాపారం చేసుకుంటే ఆ లాభం మనం అడగొచ్చని సెక్షన్ 216. ఏజెంట్‌ని తీసేసే హక్కు మనకి ఉంది, కానీ తగినంత ముందుగా చెప్పాలని సెక్షన్ 206. తీసేయడం మాటతోనే కాదు, ప్రవర్తనతో కూడా జరగొచ్చని సెక్షన్ 207. ఫోన్ ఎత్తకపోవడం కూడా అందులోకి వస్తుందేమో మరి! కాగితం మీద ఒక్క ముక్క రాసుకోని మాకు ఇవన్నీ ఎంతవరకు వర్తిస్తాయో లాయర్లు చెప్పాలి. నాకు మాత్రం ఒకటి అర్థమైంది. నూట యాభై ఏళ్ళ కిందటి చట్టం కూడా మార్చొద్దు అనట్లేదు. చెప్పి మార్చు అంటోంది.

నాన్నకి చెప్పా. ఆయన ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైర్ అయ్యారు. మొత్తం విని, "ఒరేయ్, బస్సు నచ్చకపోతే మధ్యలో దిగొచ్చు. దిగినోడిని ఎవడూ ఆపడు. కానీ ఎక్కిన స్టేజీ నుంచి దిగిన స్టేజీ దాకా టికెట్ కొట్టాల్సిందే" అన్నారు. అమ్మ మాత్రం, "ఆరు లక్షలు ఎక్కువ చెప్పినోడికి టికెట్టేంటి?" అంది. అమ్మ మాటా కొట్టిపారేయలేను. ఆ 6 లక్షలు నాన్న మందుల డబ్బు.

శనివారం జిరాక్స్ షాపు దగ్గరికి వెళ్ళా. టీ చెప్పారు. నేను ముందు నా సంగతే చెప్పా, ఇంకొకరితో చూస్తున్నానని. ఆయన గ్లాసు కింద పెట్టి, "తెలుసు బాబూ. ద్వారకాపురి వాచ్‌మన్ ఎప్పుడో చెప్పాడు" అన్నారు. తెలిసే గురువారం ఫోన్ చేశారన్నమాట. 68 నెట్ సంగతి అడిగా. కాదనలేదు.

"పంతొమ్మిది చూపించా. నువ్వు కొనేది ఒక్కటి. మిగతా పద్దెనిమిదికి పెట్రోలు ఎవరు పోస్తారు? నీలాంటోళ్ళు నెలకి పదిమంది. అందరూ చూసి పోతారు, ఒక్కడు కొంటాడు. ఆ ఒక్కడి మీదే అందరి ఖర్చూ పడుద్ది."

నిజానికి దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఆయన లెక్క ఆయనకి ఉంది. కానీ మిగతావాళ్ళు ఎగ్గొట్టింది నాకు తెలియకుండా నా దగ్గర వసూలు చేయడం న్యాయం ఎలా అవుతుంది? ఇంత ఖర్చయింది, ఇంత కావాలి అని అడిగితే అది బేరం. బేరంలో కాదనే హక్కు నాకుంటుంది. దాచితే ఆ హక్కు పోతుంది. ఇదే ఆయనతో అన్నా, ఇంత శుభ్రంగా కాదులెండి, తడబడుతూనే. ఆయన రోడ్డు వైపు చూస్తూ విన్నారు.

చివరికి నేను పెట్టిన మాట ఇది. ఈ ఫ్లాట్ ముందు చూపించింది మీరు, కాబట్టి మీ ద్వారానే మాట్లాడతాను. ఓనర్ ధర 68, అది నాకు తెలిసే జరగాలి. మీకు ఒక శాతం కాదు, ఒకటిన్నర ఇస్తాను, అంటే 1 లక్షా 2 వేలు, మిగతా పద్దెనిమిది ఫ్లాట్లు కూడా అందులోనే. 2021లో మిగిలిన సగం అద్దె 6 వేలు అక్కడే ఇచ్చేశా. ఇది కుదరకపోతే మాత్రం ఇంకొకరితో చూసుకుంటాను, మీకు చెప్పే వెళ్తాను. ఆయన 6 వేలు లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకున్నారు. ఫ్లాట్ విషయం ఆలోచించి చెప్తానన్నారు. సంతోషంగా మాత్రం లేరు.

కుర్రాడికి కూడా ఫోన్ చేసి చెప్పా. "అసలు రేటు తెలిసిందే నా వల్ల కదన్నా" అన్నాడు. అది నిజం. అతను ఆ ఇంటికి తీసుకెళ్ళకపోతే నేను 74 అనుకుంటూనే ఉండేవాణ్ణి. ముందే చూశానని అప్పుడే చెప్పకుండా, అతని కారులో వెళ్ళి, అతని పక్కన నిలబడి ఓనర్ మాట విన్నాను. అతనికి నేనేం బాకీ? ఇంకా తేల్చుకోలేదు. మీకు ఏమనిపిస్తే అది కామెంట్‌లో రాయండి, చదువుతాను.

మంగళవారం రాత్రి అంకుల్ దగ్గర్నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. ఒకటిన్నరకి సరే అన్నారు. దాని కింద ఇంకో మెసేజ్. "బాబూ, ఈసీ తీయించా. ఓనర్ ఎప్పుడో బ్యాంకు లోన్ తీసుకున్నాడు, అది అందులో ఇంకా కనపడుతోంది. కట్టేశాను అంటున్నాడు గానీ రిలీజ్ డీడ్ రిజిస్టర్ కాలేదు. అది అయ్యేదాకా అడ్వాన్స్ ఇవ్వకు. నెల పట్టినా పర్లేదు, నేను తిరుగుతా."