చిన్నక్షరాల ధర్మం

పదో తరగతి ఫలితాలొచ్చాయంటే అమలాపురం, రాజోలు, కొత్తపేట కూడళ్లలో ఫ్లెక్సీలు లేస్తాయి. పెద్దక్షరాల్లో మొదటి పిల్లాడి మార్కులు. తప్పినవాళ్లెందరో మాత్రం ఎక్కడా ఉండదు. రాసినదాంట్లో అబద్ధం లేదు. మరి నిజమేనా?

ద్రోణపర్వంలో ధర్మరాజుదీ ఇదే చిక్కు. ద్రోణుడి కొడుకు చచ్చాడన్నట్టు పైకి పలికాడు; చచ్చింది ఏనుగన్న మాట నోట్లోనే నలిగింది. అంతవరకూ నేలకు నాలుగు వేళ్ల ఎత్తున సాగిన రథం కిందికి దిగింది. బడి ప్రచారం చూసే ఉద్యోగికి రథం లేదు. కరపత్రాల సంచీ తగిలించుకుని, కొబ్బరితోటల మధ్య బైకు మీద ఇల్లిల్లూ తిరుగుతాడు. అడ్మిషన్లు తగ్గితే నిలదీసేది అతణ్ణే.

గీత పదిహేడో అధ్యాయం మాటకు నాలుగు షరతులు పెట్టింది: నొప్పించకూడదు, నిజమై ఉండాలి, ప్రియంగా ఉండాలి, మేలు చేయాలి. ప్రచారానికి మూడోదే ముద్దు. ఫ్లెక్సీకెక్కని పిల్లాడు రోజూ దాని కిందనుంచే ట్యూషన్‌కి వెళ్లాలి. మొదటి షరతు అక్కడే తప్పింది.

2022లో పదో తరగతి ర్యాంకుల ప్రకటనలు వద్దని రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. ఉత్తర్వు పెద్దక్షరాలను ఆపగలదు. “వెనకబడ్డ పిల్లాడికి మీరేం చేస్తారండీ?” అని అరుగు మీది తల్లి అడిగితే? ఆ ఉద్యోగి కరపత్రం తిరగేసి చూస్తాడు. వెనకవైపు బస్సు రూట్లున్నాయి.